ఎడమకు వాలిన ఊరు

మేస్త్రీ కొత్త నేల మీద అడుగు పెట్టే ముందు చెప్పులు విప్పేవాడు. ఇందులో విశేషం ఏముందని అడిగేవాళ్ళు ఆ ఘట్టాన్ని కళ్ళారా చూడనివాళ్ళు. సామ్రాజ్యాల మధ్య సంధిపత్రాల మీద సంతకాలు కూడా అంత నింపాదిగా జరిగి ఉండవు. ముందు ఎడమ చెప్పు, ఆ తర్వాత కుడిది, రెండూ గుమ్మానికి సమాంతరంగా. పిమ్మట ప్యాంటు అంచులు ఒక్క మడత పైకి. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఈ గోడ దగ్గర బయలుదేరి ఆ గోడ దాకా నడక. ఇంటి యజమానీ, కూలీలూ, ఒక్కోసారి ఇంజనీరూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఆ చివర ఆయన కళ్ళు తెరిచి "ఊఁ" అంటే నేల నెగ్గినట్టు. "ఊహూఁ" అంటే మర్నాటి నుంచి పలకలు పెకలించడమే. నలభై రెండేళ్ళుగా ఈ తీర్పుల మీద అప్పీలుకు పోయిన మనిషి లేడు.

అందుకే ఆయనకు రసమట్టం అని పేరు పడింది. గాజు గొట్టంలో బుడగ నడిమధ్య నిలిచిందా లేదా చూసి నేల సమంగా ఉందో లేదో చెప్పే పనిముట్టు పేరది. ఆయన సంచీలోనూ ఒకటి ఉండేది. దాన్ని కొన్ననాడు తన కాళ్ళతో సరిచూసి, పరవాలేదు, బాగానే పనిచేస్తోందని మెచ్చుకున్నాడట.

ఆయనకు డెబ్బై రెండు నిండిన ఏడాది ఊరు ఎడమ పక్కకు వాలడం మొదలుపెట్టింది.

మొదట బ్యాంకు వాలింది. కొత్త బ్రాంచి కదా, తొందరపడి కట్టి ఉంటారని సరిపెట్టుకున్నాడు. తర్వాత క్షవరశాల, ఆ వెనకే మందుల షాపు, చివరికి సొంత ఇంటి వంటగది కూడా వాలాయి. ఆ వంటగది నేల ఇరవై ఏళ్ళ కిందట ఆయనే స్వయంగా వేశాడు గనుక తప్పు తనది కావడానికి వీల్లేదు. పక్కవీధిలో బోరు వేసినవాడిది. ఆ బోరు యజమానిని నడివీధిలో ఆపి, నువ్వు నా వంటగదిని కుంగదీశావని నిలదీశాడు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఆయన్ని చూస్తే వీధి దాటేస్తాడు.

రెండేళ్ళు గడిచేసరికి నడకలోనూ కొన్ని సంస్కరణలు వచ్చాయి. అడుగులు పొట్టివయ్యాయి. పాదాలు ఎడంగా పడసాగాయి. ఎవరైనా పలకరిస్తే ఆయన నిలబడిపోయి గానీ జవాబు చెప్పడు. నడుస్తూ మాట్లాడటం సంస్కారం కాదని దానికి భాష్యం. గోడ మీద చెయ్యి ఆనించి నడవడం దేనికని కూతురు అడిగితే ప్లాస్టరింగు పరీక్షిస్తున్నానన్నాడు.

"రోజూనా నాన్నా?"

"రోజూ. ఇది మీ ఆయన చేసిన ప్లాస్టరింగు."

మీ ఆయన అనబడే అల్లుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. మూడేళ్ళు తాపీ పట్టించి, తిట్టి, ఆనక పిల్లనిచ్చాడు. ఈ రెంటిలో పొరపాటు ఏదో మేస్త్రీ ఇంకా తేల్చుకోలేదు. అల్లుడు మాత్రం "మామయ్యా" అన్న ప్రతిసారీ పంటికింద రాయి పడ్డట్టు పలికేవాడు.

అలాంటి అల్లుడికి మొదటిసారి ఒక పెద్ద పని పూర్తిగా చేతికొచ్చింది. నరాల డాక్టరమ్మ కట్టిస్తున్న కొత్త ఆసుపత్రి. అందులో అరవై అడుగుల పొడవున నడవా. నెలన్నర మోకాళ్ళ మీద కూర్చుని పలకలు పరిచాడు. అంతా అయ్యాక డాక్టరమ్మ ఒక్క మాటంది: "మా నాన్నగారి ఇంటి నేల మేస్త్రీగారే వేశారు. ఆయన నడిచి సరే అంటే నాకు సరే." సోమవారం సామాను దిగుతుంది. ఆయన "ఊహూఁ" అంటే అరవై అడుగులూ తవ్విపోయడమే కాదు, సొంత మామే కాదన్న పనివాణ్ణి ఈ ఊళ్ళో ఇంకెవరూ పిలవరు.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రీ వేంచేశాడు. వెంట కూతురు. డాక్టరమ్మ అప్పటికే నడవాలో ఉంది. చెప్పులు, మడతలు, వెనక్కి కట్టిన చేతులు, అన్నీ యథావిధిగా జరిగాయి. కళ్ళు మూసుకుని బయలుదేరాడు. ఇరవై అడుగులు బాగానే సాగాయి. ముప్పై దగ్గర ఆయన కుడిగోడకు దూరం కాసాగాడు. నలభై దగ్గర ఎడమభుజం వెళ్ళి గోడను గుద్దింది. చెయ్యి ఆనించి, కళ్ళు తెరిచి, అల్లుడి వంక చాలా తృప్తిగా చూశాడు.

"ఊహూఁ."

"మామయ్యా, ఇంకోసారి సరిగ్గా నడిచి చెప్పండి."

"నా నడకకేం. నీ నేలకే వచ్చింది రోగం. ఎడమకి వాలు. కుండెడు నీళ్ళు పోస్తే ఈ పక్క గదుల్లోకి పడవేసుకుని పోవచ్చు."

అల్లుడు వెళ్ళి రసమట్టం తెచ్చి నేల మీద అడ్డంగా పెట్టాడు. బుడగ నడిమధ్య నిలిచింది. నాలుగుచోట్ల పెట్టాడు. నాలుగుచోట్లా అదే.

"బజారు సరుకు," అన్నాడు మేస్త్రీ.

"మీ సంచీలోదే."

"నా సంచీలో చెయ్యి పెట్టమని ఎవరన్నారు నిన్ను?"

కూతురు ముందుకొచ్చింది. "నాన్నా, ఇంట్లో కూడా మీరు ఎడమకే పోతున్నారు. మొన్న తలుపు దాటబోయి తలుపుచెక్కని గుద్దుకున్నారు."

"మొగుడి తరఫున వకాల్తా పుచ్చుకోకు."

"నేల తరఫున పుచ్చుకున్నా."

అంతసేపూ డాక్టరమ్మ నేలను చూడలేదు. ఆయన పాదాలనే చూస్తోంది. ఇప్పుడు నెమ్మదిగా అంది: "మేస్త్రీగారూ, ఆ చివరికి వెళ్ళి, అట్నుంచి ఇటు నడిచి రండి. అలాగే కళ్ళు మూసుకుని."

ఆయన వెళ్ళాడు. తిరిగాడు. తిరగడానికే ఎనిమిది అడుగులు వేశాడు. కళ్ళు మూసుకుని బయలుదేరాక, ఈసారి కూడా ఎడమకే జరుగుతూ వచ్చి, ఎదుటి గోడకు భుజం ఆనించి ఆగాడు.

అల్లుడు పెదవి విప్పబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

మేస్త్రీ ఆనుకున్న గోడను చూశాడు. ఇందాకటి గోడను చూశాడు. వెళ్ళేటప్పుడు ఎడమకి వాలిన నేల వచ్చేటప్పుడు కుడికి వాలాలి. రెండుసార్లూ ఎడమకే వాలే నేలను వేయగల మేస్త్రీ ఇంకా పుట్టలేదు. ఆ సంగతి ఈ ఊళ్ళో ఆయనకంటే బాగా తెలిసినవాడూ లేడు. అల్లుణ్ణి కొరకొర చూశాడు. ఎంత చూసినా అల్లుడి తప్పేమీ దొరకలేదు.

"ఊఁ," అన్నాడు.

తలుపు సందులోంచి పలికినట్టు పలికినా అది తీర్పే. అల్లుడు వంగి రసమట్టం నేల మీంచి తీశాడు.

"మూడో వరసలో సందులు సరిగ్గా నింపలేదు," అన్నాడు మేస్త్రీ, తీర్పు మరీ తియ్యగా ఉండకూడదని.

"రేపు నింపుతాను."

"ఇవాళ నింపు."

డాక్టరమ్మ ఆయన పక్కన నడుస్తూ, ఎన్నేళ్ళుగా ఇలా ఉందని అడిగింది. ఆయన వెంటనే ఆగిపోయాడు.

"ఇదిగో, ఇదే," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ నడక మెదడులో మీకు తెలియకుండా జరిగిపోయిన పని. వయసు పెరిగేకొద్దీ లోపలి సన్న రక్తనాళాలు దెబ్బతిని, కబుర్లు మోసే దారులు అరుగుతాయి. అప్పుడు ఆలోచించే భాగమే నడకనీ చూసుకోవాల్సి వస్తుంది. మాట అడిగితే నడక ఆగుతుంది. అరికాలి స్పర్శా, చెవి లోపల తూకం చూసే భాగమూ కూడా కొంత మొద్దుబారతాయి. అయితే ప్రతిసారీ ఒకే పక్కకి లాగుతోందంటే వయసని వదిలేయకూడదు. తల స్కాన్ తీయాలి."

"అంటే నా వైరింగు చేసినవాడు దొంగపని చేశాడంటారు."

"డెబ్బై నాలుగేళ్ళు వచ్చింది. మీరు వేసిన నేలలకి అంత గ్యారంటీ ఇచ్చారా?"

మేస్త్రీ కోపం కూతురి మీదికి మళ్ళింది. "నీకు ముందే తెలుసు. చెప్పలేదు."

"చెబితే బోరాయన్ని పట్టుకుని తిట్టారు. ఆయనకేం తెలుసు పాపం."

డాక్టరమ్మ కూలీలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నడవా మొదట్లో వేయించింది. లేచి, పదడుగుల దూరం నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి, అంతే. మేస్త్రీ అటూ ఇటూ చూసి, ఇదెంత భాగ్యం అన్నట్టు లేచాడు. అల్లుడు నేల వైపే చూస్తూ నిలబడ్డాడు. డాక్టరమ్మ సెల్‌ఫోనులో కాలం చూసింది. పన్నెండు సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క.

ఆయనకు ఇరవై రెండు పట్టింది.