పులుసులో ఉప్పు, ల్యాప్‌టాప్‌లో క్లోజరు

వంట మేస్త్రి అన్న కూతురికి కోడింగ్ ఎందుకని మీరు అడగొచ్చు. ఆ రోజుల్లో ఏలూరులో మా వీధి వీధంతా అదే అడిగింది. ఇంటర్ తప్పి, బాబాయి వంటల బృందానికి ఫోన్లు ఎత్తే పనిలో కుదిరాను. బాబాయి కూతురు, అంటే మా చెల్లి, ఇన్‌స్టిట్యూట్‌లో జావాస్క్రిప్ట్ నేర్చుకుని వచ్చి, సాయంత్రాలు తన పాత ల్యాప్‌టాప్ మీద నాకు చెప్పేది. వచ్చింది నాలుగు ముక్కలు, ధైర్యం మాత్రం బోలెడు (తెలియనితనానికి అదొక్కటే సుఖం).

అప్పుడప్పుడే బాబాయికి కొంచెం మతిమరుపు మొదలైంది. తాడేపల్లిగూడెంలో వ్యాపారస్తుల గుడి అన్నదానం ఎప్పుడూ ఆయన చేతి వంటే. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు కదా, అంతకు ముందేడు పులుసు ఉప్పు లేకుండానే విస్తళ్లలోకి వెళ్లిపోయింది. మళ్లీ వంట చెప్పినప్పుడు గుడి పెద్దాయన మెత్తగానే అన్నారు: "ఈసారి కాస్త చూసుకోండి మేస్త్రి గారూ. మళ్లీ ఇలా అయితే ఇంకొకళ్లని పిలవాల్సొస్తుందండి." ఆ పూట బాబాయి అన్నం ముట్టలేదు.

అందుకని నేను ఒక పేజీ తయారుచేశాను. ఒక్కో గిన్నెకి ఒక్కో బటన్. ఉప్పు వేసే ముందు నొక్కాలి. మొదటిసారి ‘వెయ్యండి’ అంటుంది, ఆ తర్వాత ఎవరు నొక్కినా ‘ఆగండి, పడింది’ అంటుంది. పడిందో లేదో గుర్తుపెట్టుకోవడానికి ప్రోగ్రాంలో ‘ఉప్పు’ అని ఒక పేరు పెట్టాను. ఇంట్లో ఒక్క పప్పు గిన్నెతో చూసుకున్నాం, బ్రహ్మాండంగా ఉంది.

ఆ రోజు గుడి వెనక షెడ్డులో, బియ్యం బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టాను. పప్పుకి నొక్కితే ‘వెయ్యండి’ అంది, బాబాయి వేశాడు. పులుసుకి నొక్కితే ‘ఆగండి, పడింది’ అంది. ఉప్పు పట్టుకున్న బాబాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమేవ్, నువ్వు వేశావా?"

"నేనెక్కడ వేశానండీ, కొబ్బరి కోరుతుంటేను!" అంది పిన్ని. "మీరే వేసి మర్చిపోయుంటారు."

బాబాయి మొహం చిన్నబోయింది. "వేశానేమోలే" అంటూ ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేశాడు. నాకు అనుమానమొచ్చి గుమ్మడికాయ కూర బటన్ నొక్కాను. ‘ఆగండి, పడింది.’ గుమ్మడికాయ ఇంకా కత్తిపీట దగ్గరే ఉంది!

"బాబాయ్, మతిమరుపు మీకు కాదు, నా పేజీకి!"

చెల్లి అప్పటికి రైల్లో వస్తోంది. ఫోన్ చేసి, రాసినదంతా చదివి వినిపించాను.

"అక్కా, ‘ఉప్పు’ని ఫైలు పైన పెట్టావు. అది గ్లోబల్. అన్ని గిన్నెలకీ అదొక్కటే. పప్పు దాన్ని మార్చేస్తే అందరికీ మారిపోద్ది."

అంతేనా అని, దాన్ని తీసుకెళ్లి, బటన్ నొక్కినప్పుడల్లా నడిచే ముక్క, అదే నొక్కే ఫంక్షన్, దాని లోపల పడేశాను. ఇప్పుడు పులుసు ‘వెయ్యండి’ అంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘వెయ్యండి’. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట.

"ఇది మరీ ఘోరమే! దీని మాట వింటే పులుసు సముద్రమైపోద్ది" అంది పిన్ని.

"నొక్కినప్పుడల్లా కొత్తగా పుట్టి అప్పుడే పోతుంటే దానికేం గుర్తుంటుందే?" అని చెల్లి ఫోన్లో నవ్వింది. "గిన్నెని తయారుచేసే ఫంక్షన్ ఒకటి రాయి. ‘ఉప్పు’ దాని లోపల, నొక్కే ఫంక్షన్ కూడా ఆ లోపలే పుట్టాలి. బయటిది పని ముగించుకుని వెళ్లిపోయినా, లోపలిది తన ఉప్పుని వదలదు. దాన్నే క్లోజర్ అంటారు... భీమడోలు దాటాం, సిగ్నల్..." అంటుండగానే ఫోన్ కట్టయిపోయింది.

(పిన్ని పుట్టిల్లు ఆకివీడు. ఆ ఇల్లు అమ్మేసి ఏళ్లయినా, "మా ఆకివీడులో అయితేనా" అనకుండా ఆవిడ తాలింపు కూడా వెయ్యదు. క్లోజరంటే ఏమిటో నాకు ఠక్కున వెలిగింది.)

పసుపు వేళ్లతోనే రాశాను. పేజీ మళ్లీ తెరిస్తే పాత సంగతులు పోతాయి కాబట్టి, పప్పు బటన్ ముందుగా నేనే ఒకసారి నొక్కేశాను. పులుసుకి ‘వెయ్యండి’ వచ్చింది, బాబాయి వేశాడు. కాసేపటికి గుమ్మడికాయ కూరకీ ‘వెయ్యండి’ వచ్చింది. పిన్ని నమ్మక పులుసుకి ఇంకోసారి నొక్కింది. ‘ఆగండి, పడింది.’

"ఇప్పటికి దారిలోకొచ్చిందండీ మీ అమ్మాయి పేజీ!"

విస్తళ్లు వేశాక బాబాయి స్తంభం చాటున నిలబడి, పెద్దాయన మొదటి ముద్ద వైపే చూస్తున్నాడు. ఆయన తిన్నారు, తలెత్తారు. "పులుసు ఇంకొంచెం వెయ్యమనండి." బాబాయి గరిటె నా చేతికిచ్చి, "నువ్వే వెయ్యమ్మా" అన్నాడు.

ఇప్పుడు ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాలన్నా నేను సవాలక్ష ఆలోచిస్తాను. జనం పంక్తుల్లో కూర్చోబోతుంటే, పొయ్యి పక్కన ప్రోగ్రాం తిరగరాసిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. ఇప్పటి తెలివి నాకు అప్పుడే ఉండుంటే, ఆ పేజీ జోలికే వెళ్లేదాన్ని కాదు, బాబాయి పులుసు ఆ ఏడూ చప్పగానే వెళ్లేది.