పాట అయ్యాక “ఉంతానొలే”

రాయగడలో మా మేనత్త కిరాణా కొట్లో కూర్చుని, పాటలు కూడా ఫోన్ చెవికి ఆనించుకునే వినేది. ఒక్కోసారి పాట అయ్యాక, ఫోన్ పెట్టేసేవాళ్ళు ‘ఉంటానే’ అన్నట్టు, “ఉంతానొలే” అనేది. ఆవిడకు మతి తప్పిందని ఇంటిల్లిపాదికీ చెప్పింది నేనే. అది తప్పు.

ఆవిడ కొత్త ఫోన్‌లోకి పాటలు ఎక్కిస్తూ, పేరులేని రికార్డింగ్ ఒకటి చెత్తనుకుని వదిలేశాను. పాత ఫోన్ తుడిచేశాను.

“సినిమా పాటలన్నీ ఉన్నాయిరా. మా నేస్తం ఏటైపోనాది?” అంది అత్త.

కొల్నారలో పసుపు అమ్మే ఆ నేస్తానికి ఫోన్ లేదు. సంతలో ఆమె పాడగా అత్త రికార్డు చేసుకుందట.

మర్నాడే అత్తను బండిమీద కొల్నార తీసుకెళ్ళాను.

“నీ అల్లుడు నన్ను సెరిపేసేడేటి?” అని నవ్వి, నేస్తం మళ్ళీ పాడింది. పాట ఆగగానే అత్త అలవాటుగా ఫోన్ చెవిన పెట్టుకుని “ఉంతానొలే” అంది.

“ఎక్కడికెల్తావే, కూకో!” అంది ఎదురుగా ఉన్న నేస్తం.