పోశవ్వత్త ఫ్రిజ్‌కు తాళం

ఫ్రిజ్ తలుపు తీయగానే కొత్తిమీర, మల్లెపూలు, ఎవరిదో చేపల కూర కలిసిన చల్లటి వాసన వస్తే నాకు పోశవ్వత్త గుర్తొస్తుంది. పోయిన వానాకాలంలో కన్నుమూసిన మనిషిని ఇలాంటి వాసనతో తలచుకోవడం మర్యాద కాదని అమ్మ అంటుంది. ఏం చేయను? ఆమె దగ్గర గంధం వాసన ఎప్పుడూ రాలేదు.

ముంబై దగ్గర భివండీలో, కనేరి పేటలో మా ఒంటిగది ఖోలీకి పక్క ఖోలీ ఆమెది. పగలంతా మరమగ్గాలకు కండెలు చుట్టేది. ఆమెకు పిల్లలు లేరు, ఫ్రిజ్ ఉంది. వరసగా ఖోలీలున్న మా చాలీలో మిగతా ఇళ్లన్నిటిదీ దీనికి తలకిందుల వ్యవహారం. అందుకే అందరి పాలూ పిండీ ఆమె ఫ్రిజ్‌లోనే ఉండేవి.

నాకు టర్నర్ సిండ్రోమ్ ఉందని పదమూడో ఏట తేలింది. ఒంట్లోని కొన్ని కణాల్లో రెండో ఎక్స్ క్రోమోజోమ్ లేదట. నేను పొట్టిగా ఉండటానికి కారణం అదే. అప్పటిదాకా ఆ నేరం నేను వదిలేసిన పాలగ్లాసుల మీద ఉండేది. నెలసరి మామూలుగానే రావడంతో గండం గడిచిందనుకున్నారు. పదిహేడో ఏట ముంబైలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, అండాశయాల్లో గుడ్లు త్వరత్వరగా తరిగిపోతున్నాయంది. ఇప్పుడైతే కొన్ని తీసి, గడ్డకట్టించి దాచవచ్చు. పిల్లలవుతారన్న హామీ లేదు. రేపు గర్భం మోయాలన్నా ముందు గుండె పరీక్షలు ఒప్పుకోవాలి.

అమ్మ ఏడ్చింది. "ఎవలకూ చెప్పకున్రి, సంబంధాలు రావు" అన్నాడు నాన్న. నాకప్పటికి పన్నెండో తరగతి లెక్కలతోనే సంబంధం కుదరలేదు.

గుడ్లు తీసే ముందు రోజూ వేసుకోవాల్సిన ఇంజెక్షన్ మందు చల్లగా ఉండాలి కాబట్టి పోశవ్వత్తకు చెప్పక తప్పలేదు. అంతా విని నావైపు తిరిగింది.

"నీకేమనిపిస్తున్నది బిడ్డా?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"పిల్లలు కావాల్నో వద్దో తెల్వదత్తా. గాని, వద్దంటే నేననాలె గదా. నేననకముందే గుడ్లు అయిపోవుడేంది?"

"గదీ మాట" అని ఎవరి పాలూ పిండీ వాళ్లకు ఇచ్చేసి, పై అరలో మందు పెట్టి, ఫ్రిజ్‌కు తాళం వేసింది. ఫ్రిజ్ షాక్ కొడుతోందని చాలీ అంతటికీ చెప్పింది. మండు వేసవి. రోజూ సాయంత్రం నేను దొంగలా వెళ్లి పొట్టకు సూది పొడుచుకుని వచ్చేదాన్ని.

ఆరో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎదురింటి రాజవ్వ గొంతు గల్లీ మొత్తానికి వినిపించింది.

"తాళం తియ్యి పోశవ్వా! నా పిండి పులిసిపోతున్నది."

"షాక్ కొడుతున్నదని చెప్పిన గదక్కా."

"కరెంటే లేకపాయె! షాకేమన్న నీ చుట్టమా, కరెంటు పోయినంక గూడ ఇంట్లనే ఉండెటందుకు?"

పోశవ్వత్తకు అబద్ధం ఆడటం ఎప్పుడూ సరిగ్గా రాలేదు. గోడవైపు చూసింది. "పిల్లలు లేనోళ్లకు దాసుకునుడే తెలుసు" అంది రాజవ్వ. అత్త ముఖం కందిపోయింది. అయినా నా పేరు ఎత్తలేదు.

"దాంట్ల నా మందులున్నయి" అన్నాను, గడప దాటి వచ్చి. టర్నర్, గుడ్లు, గుండె, అన్నీ చెప్పేశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆకాశం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"గీ మాటకు ఆరొద్దులు నా పిండి పులిసెనా?" అంది రాజవ్వ. వెంటనే, "కరెంటు లేదు, మందు ఖరాబైతది" అంటూ పరుగెత్తి, గోనెసంచిలో మంచుగడ్డ మోసుకొచ్చింది. పోశవ్వత్తకు సారీ చెప్పలేదు. దాని బదులు మిగిలిన రోజులు ఆ ఫ్రిజ్‌కు కాపలా కాసింది.

"ఆరొద్దులు తిట్లు తిని దాసిన. ఒక్క నిమిషంల ఊరంత చెప్తివి" అని ఆ సాయంత్రం అత్త కసిరింది.

"తప్పయిందా?"

"నాకెందుకు తప్పు? దాసుడు నా పని. చెప్పుడు నీ పని."

ముంబై ఆసుపత్రిలో నాలుగు గుడ్లు తీసి గడ్డకట్టించారు. నాలుగేనా అని అమ్మ మొహం వేలాడేసింది. "అదేమన్న కోడా, రోజూ పెట్టెటందుకు?" అంది అత్త.

పోయిన నెల ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి నా చదువు గురించి అడిగేలోపే, చెప్పాల్సిందంతా నేనే చెప్పాను, హామీ లేదన్న మాటతో సహా. ఆలోచించుకుని చెప్తానన్నాడు. అతని జవాబు కోసం నేనేం ఫోన్ పట్టుకుని కూర్చోలేదు. రోజుకు పదిసార్లు చూస్తానేమో, అంతే.