పొలసర ఠాణాలో అప్పలస్వామిగారి దగ్గర

నిన్న బరంపురం బజారులో మొగలిపూలు అమ్ముతున్నచోట కాసేపు ఆగిపోయాను. ఆ వాసనకి పొలసర ఠాణా, అక్కడి కాగితాల పెట్టెలో మొగలిరేకులు దాచే హెడ్‌కానిస్టేబులు అప్పలస్వామిగారు గుర్తొచ్చారు. అప్పటికి గంజాం ఇంకా మద్రాసు రాజధానిలోనే ఉంది. సబిన్‌స్పెక్టరు శిక్షణలో చదువు ముగిశాక, పని నేర్చుకోమని నన్ను ఆయన దగ్గరికి పంపారు. సెక్షన్లన్నీ నాకు నోటికొచ్చు. ఆయన చదివింది నాలుగో తరగతి.

ఆయన సెలవులో ఉన్నరోజున ఒక ఇంట్లో కంచుబిందె పోయింది. బండి తోలుకునే బనమాలి దాన్ని పెరటి గుమ్మంలోంచి పట్టుకుపోతుంటే తన అరుగు మీంచి చూశానని ఎదురు కొట్టు షావుకారు చెప్పాడు. షావుకారుని ఠాణాలోనే కూర్చోబెట్టి వాంగ్మూలం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని, బనమాలిని లాకప్‌లో పెట్టించాను. అతని భార్య ఠాణా మెట్ల దగ్గర కూర్చుని కదల్లేదు. మర్నాడు అప్పలస్వామిగారు వచ్చి ఆ కాగితం చదివారు.

"రాత బాగుంది బాబూ. షావుకారి అరుగు మీద మీరు కూకున్నారా?"

"లేదు. ఎందుకు?"

"మరేటి సూసి రాసినారు? నడండి, ఎల్దాం."

అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా వీధి గుమ్మం, గోడ, గడ్డిమేటు. ఎంత మెడ సాచినా పెరటి గుమ్మం కనబడలేదు. అప్పలస్వామిగారు నెమ్మదిగా అడిగితే షావుకారు తల దించుకున్నాడు. "నాను సూడ్నేదండి. అందరూ ఆడే తీసినాడని అంతంటే సూసినట్టు సెప్పీసినాను."

నేను కాగితం చింపబోతే అప్పలస్వామిగారు చెయ్యి పట్టుకున్నారు. "సింపకండి. తప్పని కిందనే మీ సేత్తో రాసి ఇనస్పెక్టరుగారికి పంపండి. బనమాలికీ మీరే సెప్పాల."

ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. అయినా రాశాను. లాకప్ తలుపు తీసి, వచ్చీరాని ఒడియాలో నాది పొరపాటని చెప్పాను. బనమాలి నా మొహం చూడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని భార్య వెనక వెళ్లిపోయాడు.

"ఏమీ అనలేదే" అన్నాను.

"ఏటంతాడు బాబూ? నిన్న అన్నాడంట కదా, తీయనేదని. మీరు రాయనేదు."

ఇన్‌స్పెక్టరు మందలించి నా శిక్షణ మూడు నెలలు పొడిగించాడు. ఆ మూడు నెలలూ అప్పలస్వామిగారి వెంట ఊరూరా నడిచాను. ఉద్యోగం నేర్చుకున్నది అప్పుడే. బిందె మాత్రం దొరకనే లేదు.

ఇప్పుడు మనవలు తగవులాడుకుని "నేను చూశాను తాతా" అన్నా, ఎక్కడ నిలబడి చూశావని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ నా మంచి దస్తూరీ వల్ల బనమాలి లాకప్‌లో గడిపిన ఆ ఒక్క రోజును అతనికి తిరిగి ఇవ్వడం ఎవరివల్లా కాలేదు.