టార్చిలైటు వేదాంతి

సినిమా హాల్లో టార్చి వేసి సీట్లు చూపించే పెద్దాయనను అందరూ వేదాంతి అంటారు. బుగ్గన లవంగం, జేబులో రెండు బ్యాటరీలు, నడుముకు తాళాలగుత్తి, మాటకు ముందొక దగ్గు. ఈ నెలంతా డ్రాగన్ బొమ్మల సినిమా ఆడుతోంది. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కోసం నిలబడ్డ తల్లిదండ్రులను పట్టుకుని, "డ్రాగనంటే రెక్కలున్న బల్లి కాదండీ, మన అహంకారం! చివర్లో అది చావందే మనకు మోక్షం లేదు," అని బోధిస్తాడు. దేవుడు కూడా అంత గట్టిగా చెప్పి ఉండడు. తమాషా ఏమిటంటే, ఆ ముగింపు ఆయనెప్పుడూ చూడలేదు. ఆ వేళకు, టికెట్టు లేనివాళ్లు దూరకుండా వేసిన బయటి తలుపుల తాళాలు తీస్తూ ఉంటాడు.

మొన్న ఆ బోధ ఒక ఐదేళ్ల పిల్ల చెవిన పడింది. డ్రాగన్ చచ్చిపోతే తను చూడనని గోడకు అతుక్కుని ఏడుపు లంకించుకుంది. "ఇక మీరే ఓదార్చండి బాబాయ్‌గారూ," అంది తల్లి. వేదాంతి దగ్గాడు. అహంకారం సంగతెలా ఉన్నా, పిల్ల ముక్కు కారుతోంది. తుడిచి, "పద తల్లీ, ఇద్దరం చూద్దాం. దాన్ని చావనిస్తానా!" అని పక్కనే కూర్చున్నాడు. ఆట అయిపోయింది. జనం తలుపులు బాదుతుంటే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా, తాళాలేవీ?" పిల్లను చంకనేసుకున్న వేదాంతి కళ్లు తుడుచుకుంటూ, "చావలేదు సార్! ఊరంతా దాని నిప్పుతో చలి కాచుకుంటోంది," అన్నాడు. మర్నాటినుంచి బోధ మారింది. "అహంకారం చావక్కర్లేదండీ, నలుగురికి వెచ్చగా ఉంటే చాలు." తాళాలు మాత్రం ఇంటర్వెల్లోనే తీసేస్తున్నాడు. టికెట్టు లేనివాళ్లు కూడా వచ్చి ముగింపు చూసిపోతున్నారు.