చేపనూనె పూసిన బంతి

ఆ రోజుల్లో నేను గొప్ప బౌలర్నని తోటపల్లి గూడూరు చుట్టుపక్కల గట్టిగా నమ్మినవాళ్లు ఇద్దరే: నేనూ, మా బావా. బావంటే మా అక్క మొగుడు, నెల్లూరులో ఫిజిక్స్ లెక్చరర్. అన్నం ముందు కూర్చున్నా ఆయనకు ఉప్పూకారాల కంటే ఘర్షణ బలమే ముందు గుర్తొచ్చేది (అక్క ఎలా వేగుతోందో ఆ దేవుడికే ఎరుక). జిల్లా జట్టుకు కుర్రాళ్లను ఎంచే పెద్దమనిషి మా మ్యాచ్ చూడ్డానికి వస్తున్నాడని తెలిసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. "సెలక్టు కాకపోతే నోరు మూసుకోని రొయ్యల గుంట కాడికి రా" అని నాన్న అప్పటికే తేల్చేశాడు.

మ్యాచ్ రోజు పొద్దున బావ పాత బంతొకటి పట్టుకుని గుంట గట్టుమీదే క్లాసు మొదలెట్టాడు. "అబ్బయా, బంతి ఒకపక్క నున్నగా, ఇంకోపక్క గరుగ్గా ఉండాల. నున్నటిపక్క గాలి ముందే వదిలేస్తాది, గరుకుపక్క ఇంకాస్త దూరం అంటుకోని పోతాది. అందుకని బంతి గరుకుపక్కకి వంగతాది. అంతే!" అంతే అయితే బాగానే ఉండేది. ఎంత రుద్దినా మెరుపు రాలేదు. ఇంతలో షెడ్డులో, రొయ్యల మేతకు కలిపే చేపనూనె డబ్బా ఆయన కంటబడింది. "ఇది పూసినామంటే అద్దమే గదా!" అన్నాడు. (అలా పూయకూడదని మాకెవరు చెప్పొచ్చారు!)

సాయంత్రం సముద్రం గాలి తగులుతుండగా దాంతోనే నా మొదటి బంతి వేశాను. బయటికి పోతున్నట్టే పోయి, చివర్లో లోపలికి తిరిగి మిడిల్ స్టంపును లేపేసింది. పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. "బాబూ, ఇట్టాంటిదే ఇంకొకటి ఎయ్యి. పడిందంటే రేపే నెల్లూరికొచ్చెయ్" అన్నాడు. నా కాళ్లు నేలమీద లేవు. కానీ కీపరు దొర్లించిన బంతి నా దాకా రానేలేదు. గుంట కాడ మేత రుచి మరిగిన మా కుక్క మా వెనకే వచ్చిన సంగతి ఎవరూ చూసుకోలేదు. అది బంతిని నోట కరుచుకుని పరుగో పరుగు! దాని వెనక ఫీల్డర్లు, బ్యాట్స్‌మెన్, అంపైరు, అందరికంటే వెనక పంచె ఎగ్గట్టిన బావ. "ఒసే, ఇడిసిపెట్టవే!" అని నేను అరుస్తూనే ఉన్నాను, అది కాలవ దాటేసింది.

దానికి బదులుగా ఇచ్చిన బంతి రెండుపక్కలా ఒకేలా అరిగిపోయినది. తిన్నగా వెళ్లింది, బ్యాటుకు తగిలి అదీ కాలవ దాటింది. పెద్దమనిషి టీ తాగి కారెక్కాడు.

"లెక్క తప్పలేదు అబ్బయా, కుక్కే లెక్కలోకి రాలా" అని బావ ఇప్పటికీ నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఇప్పుడా గుంటలో మేత చల్లేది నేనే. సాయంత్రం గాలి తిరిగితే, పిడికిట్లో మేతతోనే నా మణికట్టు దానంతటదే వంగుతుంది. ఆ పెద్దమనిషి నన్నెప్పుడో మరిచిపోయి ఉంటాడు. కుక్క పోయి చాలా కాలమైంది. నేను గొప్ప బౌలర్నని నమ్మేవాళ్లు మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ ఇద్దరమున్నాం.