కొలోన్ ట్రామ్‌లో ఖాళీ సీటు

రైన్ నదిలో ఓడ ప్రయాణం మధ్యలో ఒకరోజు గాజువాక స్నేహితురాళ్లం ముగ్గురం కొలోన్ నగరం చూడటానికి దిగాం. ట్రామ్‌లోకి చేతికర్రతో ఓ జర్మన్ ముసలావిడ ఎక్కింది. నేను లేచి, మా పెద్దమ్మనే కూర్చోబెడుతున్నట్టు ఆవిడ చెయ్యి పట్టుకుని నా సీటు వైపు లాగాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని, కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడింది. ఆవిడ దిగేదాకా ఆ సీటు ఖాళీగానే ఉంది.

"ఏటే, ఈవిడికింత పొగరు!" అంది లక్ష్మి.

ఊరికి తిరిగొచ్చాక, మొన్న మద్దిలపాలెంలో లక్ష్మీ నేనూ బస్సెక్కగానే, "ముసలమ్మకి సీటియ్యండి!" అని కండక్టర్ నన్ను చూసి అరిచాడు. ఓ కుర్రాడు లేచాడు.

"కూకో బాబూ. నాను నిలబడే వొత్తాను," అన్నాను.

లక్ష్మి నా చెయ్యి గిల్లింది. "మోకాళ్లు నొప్పెడతన్నాయని పొద్దున్నే మూలిగావు గదే!"

"నొప్పి మోకాళ్లకే. నాకు కాదు."